మద్దిమాను తలుపు

ఒకప్పుడు తూర్పుకొండల అడవికి గట్టి చలి అంటే ఏమిటో తెలియదు. చలికాలం వచ్చేది, గుమ్మంలోనే నిలబడి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయే చుట్టంలా వెళ్ళిపోయేది. ఆకుల మీద కాస్త మంచు పడేది. పొద్దెక్కేసరికి ఆరిపోయేది. అంతే.

అందుకని ఆ అడవిలో పాట ఏడాది పొడుగునా ఉండేది. కీచురాళ్ళు వానల్లో పాడేవి, ఎండల్లో పాడేవి, పుష్యమాసంలోనూ పాడేవి. పక్కన ఎవరొచ్చి కూర్చున్నా ఆపేవి కావు. ఏనుగొచ్చి నిలబడినా ఆపేవి కావు. ఇప్పుడు మీరొక్క అడుగు వేస్తే చాలు, కీచురాయి గప్‌చిప్. అప్పుడలా ఉండేది కాదు.

ఇక వడ్రంగిపిట్ట సంగతి. ఇప్పుడు అడవంతా టకటకమని గోల చేసే ఈ పిట్ట ఆ రోజుల్లో చడీచప్పుడూ లేని పనివాడు. నమ్మబుద్ధి కావడం లేదు కదూ? నిజమే చెబుతున్నాను.

ఆ వడ్రంగిపిట్ట పేరు అసిరయ్య. నెత్తిన ఎర్ర తలపాగా, ఒంటి మీద పచ్చటి చొక్కా. ముక్కే అతనికి ఉలి, ముక్కే బాడిస, ముక్కే బరమా. అడవిలో ఎవరికి ఇల్లు కావాలన్నా అసిరయ్య రావలసిందే. చిలకకి తొర్ర, గోరింకకి తొర్ర, ఉడతకి పిల్లల గది, అన్నీ అతని చేతి పనే. చెయ్యి అంటే ముక్కనుకోండి. ఎండిన మాను చూసుకుని, చిత్రిక పట్టినట్టు పొరపొరగా గీరుతూ మెత్తగా పని చేసేవాడు.

పని అయ్యాక గుమ్మం పక్కన తన గుర్తు చెక్కేవాడు. ఈకలాంటి చిన్న గీత, దాని కింద ఒక చుక్క. తన పని మీద తన గుర్తు లేకపోతే అసిరయ్యకి తిండి సయించేది కాదు.

తిండి అంటే మేడిపళ్ళు, నేరేడుపళ్ళు, ఇప్పపూలు. పురుగుని ముట్టేవాడు కాదు. పురుగుల్లో అతనికొక స్నేహితుడున్నాడు మరి.

ఆ స్నేహితుడు పైడి అనే కీచురాయి. అసిరయ్య పనిలో ఉంటే పైడి వచ్చి అతని వీపు మీద కూర్చుని పాడేవాడు. ఆ పాటకొక దరువుంది. గబగబా ఒక పరుగు, చిన్న ఆగుడు, ఆ తర్వాత బుజ్జగించినట్టు మెల్లగా ఒక్కటి. ఆ దరువుకే అసిరయ్య ముక్కు ఆడేది. పాట లేని రోజున గీత వంకర పోయేది.

"మావా, నాను పాడకపోతే నీకు పని సాగదు," అనేవాడు పైడి.

"నాను పని మానీస్తే నీ పాటెవుడింటాడేటి?" అనేవాడు అసిరయ్య.

పైడి పెళ్ళాం నూకాలు ఇద్దర్నీ చూసి నవ్వేది. సాయంత్రాలు అలా గడిచేవి. రాలిన చెక్కపొట్టు వాసన, ఇప్పపూల వాసన, మధ్యలో ఆ పాట. ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు. చెబుతుంటే నాకే బెంగగా ఉంది.

ఒక ఏడు ఉత్తరగాలి దారి తప్పి వచ్చిందో, కావాలనే వచ్చిందో గానీ, కొండెక్కి కూర్చుంది. ఒక రోజు చూశారు, మరో రోజు చూశారు. కదలలేదు.

"ఎన్నాళ్ళుంటావమ్మా?" అని వణుకుతూ అడిగింది ఉసిరిచెట్టు.

"నాకు తోచినన్నాళ్ళు," అంది గాలి. "ఏటి, ఈ కొండ నీదా?"

వాగు ఒడ్డున నీళ్ళు గాజుపెంకుల్లా గడ్డకట్టాయి. గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుని, మధ్యాహ్నమైనా కరగలేదు. సీతాకోకచిలుకలు ఆకులకి అతుక్కుపోయాయి. తుమ్మెదలు చెట్ల కింద రాలిపడి ఉండేవి, ఆకుతో తోస్తే గలగలా దొర్లేవి. పూలు మాడిపోయాయి. పళ్ళు పిందెల్లోనే నల్లబడ్డాయి.

పురుగులు పోతే పిట్టలకి తిండి ఎక్కడిది? పగలంతా వెతికి వెతికి, చిన్న పిట్టలన్నీ ఈకలు ఉబ్బించుకుని ఒకే కొమ్మ మీద ఒరుసుకు కూర్చునేవి. పొద్దున్న లేచి చూసుకుంటే వరసలో ఖాళీలు కనబడేవి. ఆ ఖాళీల్లోకి మిగిలినవి మాట్లాడకుండా జరిగి కూర్చునేవి.

అలాంటి రోజుల్లో పైడి, నూకాలు అసిరయ్య దగ్గరికి వచ్చారు. పైడి రెక్కలు చలికి బిగుసుకుపోయి ఉన్నాయి. పాట రావడం లేదు.

"మావా, నూకాలు గుడ్లెట్టాల," అన్నాడు పైడి. "నేలలో పెడదామంటే నేల రాయైపోయింది. మాకొక గది కట్టు."

"గదికేటి కరువు?" అంటూ అసిరయ్య తనకి బాగా తెలిసిన ఒక ఎండుమాను దగ్గరికి తీసుకెళ్ళాడు. వాళ్ళు చూస్తూ ఉండగానే ఆ మాను చలికి ఫెళ్ళున నిలువునా పగిలింది.

నూకాలు దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "ఎండిందానికి ఒంట్లో వేడుండదు మావయ్యా. పచ్చిమాను సూడు."

"పచ్చిమాను మీద నానెప్పుడూ ఉలెట్టలేదే," అన్నాడు అసిరయ్య.

"అయితే ఇప్పుడెట్టు. నా గుడ్లు మళ్ళీ ఏడాది దాకా ఆగవు."

వాగు ఒడ్డున మద్దిచెట్లు వరసగా ఉన్నాయి. అసిరయ్య వాటిలో ఒకదాని బెరడు మీద వాలి, మర్యాదగా అడిగాడు.

"కొట్టుకో నాయనా," అంది మద్దిమాను. "కాస్త నెప్పెడతాది, తగ్గిపోతాది. నా గాయాలు నాను మాన్పుకోగలను."

ఆ మాట అసిరయ్య విన్నాడు గానీ మనసుకి ఎక్కించుకోలేదు. ఎక్కించుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

అసిరయ్య పని మొదలుపెట్టాడు. పాట లేదు కాబట్టి తనే లోలోపల ఆ దరువు అనుకుంటూ చెక్కాడు. లోపల మాను వెచ్చగా, తడిగా, బతికి ఉంది. నూకాలు లోపలికి వెళ్ళి గోడ పొరల్లో గుడ్లు పెట్టి, వాటి పక్కనే ఒదిగి పడుకుంది. అసిరయ్య బెరడు ముక్కని తలుపులా కోసి, చుట్టూ చెట్టు జిగురు పూశాడు. ఊపిరాడటానికి సన్నని సందు ఒకటి వదిలాడు.

తలుపు మూసే ముందు పైడిని గుమ్మం దగ్గరికి పిలిచాడు. నూకాలు అప్పటికే లోపల నిద్రపోతోంది.

"సెప్పింది ఇను," అన్నాడు అసిరయ్య. "అడివంతా ఆకలి మీదుంది. ఎవుడి అలికిడైనా ఇనబడితే ఊపిరి బిగబట్టు. మీలో మీరు కూడా మాటాడుకోకండి. నాను పిలిసినా పలక్కు."

"నువ్వు పిలిసినా?"

"నా గొంతుతో పిలవడం పోలిగాడికి మంచినీళ్ళ ప్రాయం. నాను నోటితో పిలవను. తడతాను. నీ పాట దరువే తడతాను. మాను మీద తట్టడం ఈ అడివిలో నాకు తప్ప ఎవుడికీ సేతకాదు. అది ఇన్నాక పాడు. నువ్వు పాడితే తలుపు తీస్తాను."

"తీస్తావు కదా మావా?"

"తియ్యకుండా ఏటి సేస్తాన్రా? నీ పాట లేకపోతే నా గీత వంకరపోదూ?"

పైడి నవ్వి లోపలికి వెళ్ళాడు. తలుపు పడింది. అసిరయ్య ఎప్పటిలాగే తలుపు పక్కన బెరడు మీద ఈకలాంటి గీత, దాని కింద చుక్క చెక్కాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. గుర్తు బాగా పడింది. ఇక ఏ చెట్టో మరిచిపోయే పనే లేదనుకున్నాడు.

పోలిగాడంటే ఇప్పటి పసుల పోలిగాడే, మీరు చూసే ఉంటారు. నల్లగా నిగనిగలాడుతూ, తోక చివర రెండుగా చీలి ఉంటుందే, ఆ పిట్ట. అప్పట్లో అతను అడవిలోనే ఉండేవాడు, ఉత్త పోలిగాడే, పేరు ముందు పసులు ఇంకా చేరలేదు. ఎవరి గొంతైనా ఇట్టే అనుకరించేవాడు. డేగలా అరిచి చిలకల్ని బెదరగొట్టి, తర్వాత కూర్చుని పడీపడీ నవ్వేవాడు.

ఆ చలికి పోలిగాడి నవ్వంతా పోయింది. ఒకరోజు మద్దిచెట్ల వరస దగ్గరికి వచ్చి, ఒక్కో చెట్టు దగ్గరా అసిరయ్య గొంతుతో పిలవడం మొదలుపెట్టాడు.

"ఒరే పైడీ, సలి పోయిందిరా. బయటికిరా."

పై కొమ్మ మీద ఉన్న అసలు అసిరయ్య అది విన్నాడు. తన గొంతే, తన యాసే. తను కూడా మోసపోయేలా ఉంది. గుర్తు చెక్కిన చెట్టు దగ్గరికి వచ్చాడు పోలిగాడు, ఆకలికి చూపు మసకబారి గుర్తు గమనించలేదు. మళ్ళీ అలాగే పిలిచాడు, ఇంకా మెత్తగా. చెట్టు లోంచి చిన్న చప్పుడైనా లేదు. ఇచ్చిన మాట పైడి నిలబెట్టుకున్నాడు.

అసిరయ్య కిందికి దిగాడు. "మానీ పోలిగా."

పోలిగాడు సిగ్గుపడలేదు. సిగ్గుపడే ఓపిక అతనిలో లేదు. "బావా, అన్నం మొహం సూసి ఎన్నాళ్ళయ్యిందో తెలీదు. ఆడెక్కడున్నాడో సెప్పు. నీకూ సగం పెడతాను."

అసిరయ్యకీ ఆకలిగానే ఉంది. రెండు మూడు ఎండిపోయిన మేడికాయలు తిని ఎన్నాళ్ళుంటాడు? తలుపు తన ముక్కుకి అందేంత దూరంలో ఉంది. జిగురు తనే పూశాడు, ఎక్కడ గిల్లితే ఊడుతుందో తనకే తెలుసు. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి ఒళ్ళు మండింది, తన మీదే.

"సెప్పను," అన్నాడు. పక్కనున్న ఎండుమాను మీదికి ఎగిరి, దానికి తల ఆన్చి నిలబడ్డాడు. అలా ఆన్చేసరికి లోపలి నుంచి కరకరమని చప్పుడు వినబడింది. ఏదో తొలుస్తోంది. ఇళ్ళు కట్టేవాడికి మాను తొలిచే పురుగంటే ఎలా ఉంటుంది? ముక్కుతో చెక్క పెరికి లాగాడు. బొద్దుగా తెల్లటి పురుగు.

దాన్ని తుంచి సగం పోలిగాడికి ఇచ్చాడు. మిగతా సగం కళ్ళు మూసుకుని తనే మింగాడు. అసిరయ్య నోట పురుగు పడటం అదే మొదలు. చాలాసేపు అతను మద్దిచెట్టు వైపు చూడలేకపోయాడు.

పోలిగాడికి కాస్త ప్రాణం వచ్చింది. తల దించుకుని అన్నాడు. "బావా, ఇక్కడుంటే ఇద్దరం పోతాం. కింద మైదానంలో పసులు మేస్తన్నాయంట. అవి నడిస్తే గడ్డిలోంచి మిడతలెగుస్తాయంట. దిగిపోదాం, రా."

"నాను మాటిచ్చాను."

"సచ్చిపోయినోడు తలుపెలా తీస్తాడు?"

అసిరయ్య గుర్తు చెక్కిన చెట్టు వైపు మరోసారి చూసుకున్నాడు. ఇద్దరూ కొండ దిగారు.

మైదానంలో చలి ఇంత గట్టిది కాదు. పోలిగాడు ఒక గేదె వీపెక్కి కూర్చుని, అది అడుగు వేసినప్పుడల్లా ఎగిరే మిడతని పట్టుకుని, ఇక చచ్చినా దిగనన్నాడు. అసిరయ్య మాత్రం చేల గట్ల మీద చెట్లలో తలదాచుకుని, రోజూ పొద్దున్నే కొండ వైపు చూసేవాడు. కొండ తెల్లగానే ఉండేది. కింద ఊళ్ళో ఎండలు ముదిరినా, పైన ఉత్తరగాలి మూట సర్దుకోలేదు.

చివరికి ఒకరోజు గాలి ఇప్పపూల వాసన మోసుకొచ్చింది. అసిరయ్య ఆగలేదు. ముక్కు చెట్టుకి రాసుకుని పదును పెట్టుకుని, కొండ మీదికి ఎగిరాడు.

వాగు మళ్ళీ పారుతోంది. చెట్లు చిగురించాయి. మద్దిచెట్ల వరస దగ్గరికి వచ్చి అసిరయ్య రెక్కలు ముడవడం మరిచిపోయాడు.

మద్దిచెట్లన్నీ పాత బెరడు వదిలేశాయి. ఏటా వదిలేస్తాయి అవి. పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడి, కింద వాగులో పడి కొట్టుకుపోయింది పాత బెరడంతా. చెట్లన్నీ నున్నగా, తెల్లగా, ఒకేలా మెరుస్తున్నాయి. గీత లేదు, చుక్క లేదు. తలుపూ లేదు. చెట్టు తన గాయం తను మాన్పుకుంది.

జీవితమంతా ఎండుమాను మీద గుర్తు పెట్టిన పనివాడు అసిరయ్య. ఎండుమాను ఎక్కడిది అక్కడే దాచిపెడుతుంది. పచ్చిమాను పెరుగుతుంది. అంత పనితనం ఉన్నవాడికి ఆ ఒక్కటీ తట్టలేదు.

"అమ్మా, నాకు గది ఇచ్చింది నువ్వేనా?" అని ఒక్కో మద్దిమానునీ అడిగాడు.

"నాకు గుర్తు లేదు నాయనా," అన్నాయి అన్నీ. "సలిలో మేవూ నిద్రోయాం."

అప్పుడు అసిరయ్య మొదటి చెట్టు మీద వాలాడు. కాళ్ళు గట్టిగా పట్టుకుని, తల వెనక్కి తీసి తట్టాడు. గబగబా ఒక పరుగు, చిన్న ఆగుడు, మెల్లగా ఒక్కటి. అడవి ఉలిక్కిపడింది. మెత్తటి పనివాడని పేరున్న అసిరయ్య అంత చప్పుడు చేయడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

తల పక్కకి వంచి, చెవి ఆన్చి విన్నాడు. ఏమీ లేదు. రెండో చెట్టు మీద తట్టాడు. ఏమీ లేదు. ఇంకో చెట్టులో కరకరమంది. అది పైడి కాదు, మాను తొలిచే పురుగు. దాన్ని పెరికి మింగి ముందుకి సాగాడు. ఆకలి నేర్పిన అలవాటు మరి, పోలేదు.

ఇక్కడ అసిరయ్యకి తెలియనిది ఒకటి ఉంది. మీకు చెబుతాను.

చలి బాగా ముదిరినప్పుడు, ఊపిరికని వదిలిన ఆ సన్నని సందులోంచి ఉత్తరగాలి లోపలికి వేలు పెట్టింది. నూకాలు గుడ్ల మీద పడి కప్పుకుంది. పైడి వెళ్ళి ఆ సందుకి తన వీపు అడ్డం పెట్టి కూర్చున్నాడు. గాలి ఆగింది. పైడి మళ్ళీ లేవలేదు.

మాట్లాడుకోవద్దని అసిరయ్య చెప్పాడు కాబట్టి ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. తట్టుడు సంగతి పైడితోనే ఉండిపోయింది.

ఎండ బెరడుకి తగిలాక గుడ్లు పగిలాయి. మిరియపు గింజలంత పిల్లలు బిలబిలా వచ్చారు. అప్పటికి నూకాలు బాగా అలసిపోయి ఉంది. పిల్లల్ని దగ్గరికి పిలిచి తనకి తెలిసిన ఒకే ఒక్క జాగ్రత్త చెప్పింది.

"ఎవుడి అలికిడైనా ఇనబడితే పాట ఆపీండి. ఊపిరి బిగబట్టీండి. మీ నాన్న అలగే సేసి మిమ్మల్ని బతికించాడు."

అంతే చెప్పి కళ్ళు మూసుకుంది. పిల్లలు పెరిగారు. రెక్కలు వచ్చాయి. రెక్క మీద రెక్క రాస్తే పాట వచ్చింది. ఎవరూ నేర్పలేదు. గబగబా ఒక పరుగు, చిన్న ఆగుడు, మెల్లగా ఒక్కటి.

అప్పుడు వచ్చాడు అసిరయ్య. వాళ్ళ చెట్టు మీదే వాలాడు. వాళ్ళ నాన్న పాటే తట్టాడు.

"అక్కా, ఎవుడో తడతన్నాడు," అంది లోపల చిన్న పిల్ల.

"ఊరుకో. అమ్మేటి సెప్పింది?"

పిల్లలందరూ ఊపిరి బిగబట్టారు. బయట అసిరయ్య తల వంచి, చెవి ఆన్చి, చాలాసేపు విన్నాడు. ఆ పిల్లలకీ అతనికీ మధ్య కొత్త బెరడు పొర ఒక్కటే ఉంది. చప్పుడు లేదు. నిట్టూర్చి తర్వాతి చెట్టుకి ఎగిరాడు.

అతను వెళ్ళగానే వెనక నుంచి పాట లేచింది.

అసిరయ్య గాలిలోనే మలుపు తిరిగాడు. "పైడీ, వస్తన్నాన్రా, వస్తన్నాను," అంటూ వెనక్కి వచ్చి తట్టాడు. పాట ఆగిపోయింది. ఇటు తట్టాడు, అటు పాడింది. అటు వెళ్ళాడు, ఆగిపోయింది, ఏ మానులోదో తేలలేదు. సాయంత్రం దాకా అలా తిరిగి తిరిగి, అలసిపోయి ఒక కొమ్మ మీద కూర్చున్నాడు. కదలకుండా కూర్చునేసరికి, మద్దిచెట్ల వరసలో ఎక్కడి నుంచో పాట మళ్ళీ మెల్లగా మొదలైంది. అదే పాట. ఇప్పపూల వాసన కూడా ఉంది. అసిరయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. అలా వింటూ చాలా రోజుల తర్వాత ఏడ్చాడు.

పైడి బతికే ఉన్నాడు, అంతే చాలు అనుకుని అతను ఆపేసి ఉండవచ్చు. కానీ పాడితే తలుపు తీస్తానని మాటిచ్చాడు. పొద్దున్నే లేచి మళ్ళీ మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళాడు.

కీచురాయి పిల్లలు ఆ తర్వాత తమంతట తామే బెరడు సందుల్లోంచి బయటికి వచ్చి, అడవంతా, ఊరూరా పాకారు. అసిరయ్యకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే ముందు అతను తట్టడం ఆపాలి కదా.

అప్పటినుంచే గట్టి చలి పడితే కీచురాయి మాను సందుల్లో, నేల పొరల్లో దాక్కుని నోరెత్తదు. అప్పటినుంచే పోలిగాడు పసుల వీపు దిగడు. అప్పటినుంచే ఏ చిన్న అలికిడైనా కీచురాయి పాట ఆపేస్తుంది. అప్పటినుంచే వడ్రంగిపిట్ట ఒక్కో చెట్టునీ తడుతుంది, తల వంచి వింటుంది, మళ్ళీ తడుతుంది. అది అలా తట్టి వెళ్ళిపోయాక, ఆ చెట్టులోనే పాట మొదలవుతుంది.